కోఠీ స్తంభాలు, ఒక అచ్చుతప్పు

మూడేళ్ళ క్రితం ఒక కవిత మీద వ్యాసం రాశాను. కవి పేరు ఇక్కడ చెప్పను. ఆయన పోయి చాలాకాలమైంది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో, పోటీపరీక్షల పుస్తకాలతో కుస్తీ పడుతున్న కుర్రాళ్ళ మధ్య కూర్చుని చదివిన సంపుటి అది. అందులో ఒక కవిత మాట మధ్యలో ఆగిపోతుంది. "తలుపు తీసి ఉం" అని ఉంటుంది, తర్వాత ఖాళీ. నాకు ఒళ్ళు జలదరించింది. తలుపు తీసి ఉందని చెప్పే వాక్యాన్నే మూయకుండా వదిలేశాడు కవి అని రెండు పేరాలు రాశాను. 'అసంపూర్ణత' అనే మాట నాలుగుసార్లు వాడాను. చదివినవాళ్ళు ఆ రెండు పేరాలనే స్క్రీన్‌షాట్ తీసి పంచుకున్నారు.

నెల తర్వాత ఆ కవిగారి అబ్బాయి ఫోన్ చేశారు. చాలా మర్యాదగా మాట్లాడారు. "బాగా రాశారండీ. అయితే మొదటి ముద్రణలో 'ఉంది' అనే ఉంటుంది. మీరు చూసింది రెండోది. అందులో అక్షరం ఎగిరిపోయింది. నాన్నగారు చూసుకుని చాలా బాధపడ్డారు కూడా."

క్షమాపణ చెప్పి ఫోన్ పెట్టేశాను. వ్యాసం మాత్రం సరిదిద్దలేదు. అది ఇంకా అలాగే ఉంది.

ఈమధ్య ఒక స్నేహితుడు పంపిన వీడియో చూశాక ఆ ఫోన్ మళ్ళీ గుర్తొచ్చింది. ఏథెన్స్‌లోని పార్థెనాన్ గుడి గురించి. అందులో తిన్నగా కనబడే గీత ఏదీ నిజానికి తిన్నగా ఉండదట. మనిషి కన్ను చేసే పొరపాటును గ్రీకులు ముందే లెక్కగట్టి, దానికి విరుగుడుగా రాతిని అటువైపు వంచారట. రెండు తప్పులు కలిసి ఒక ఒప్పు. ఇంజనీరింగ్ చదివినవాడికి ఇంతకంటే ముద్దొచ్చే కథ ఉండదు. నేనూ నలుగురికి పంపాను.

పంపాక అనుమానం పట్టుకుంది. మామూలుగా ఉండాల్సిన చోట ఏదో తేడా కనబడటం, ఆ తేడాకి ఒక అందమైన కారణం దొరకడం, ఆ కారణాన్ని తీసుకెళ్ళి చేసినవాడి తలలో పెట్టేయడం. నా వ్యాసం నడిచిన దారి ఇదే కదా. గ్రీకుల విషయంలో కూడా ఎవరైనా ఫోన్ చేసి మొదటి ముద్రణ సంగతి చెబితే ఏమవుతుంది? ఆ ప్రశ్న పట్టుకుని కొన్ని నెలలు చదివాను. ఈ వ్యాసం ఆ చదువు ఫలితం.

*

ముందు తేడాలు నిజమేనా అన్నది చూద్దాం. నిజమే. ఇక్టినోస్, కాలిక్రటీస్ అనే ఇద్దరు వాస్తుశిల్పుల చేతుల మీదుగా క్రీ.పూ. 447లో పార్థెనాన్ పని మొదలైంది. స్తంభాలు నిలబడే పై మెట్టు సుమారు 31 మీటర్ల వెడల్పు, 69.5 మీటర్ల పొడవు. ఆ మెట్టు చదరంగా ఉండదు. వెడల్పు వైపు మధ్యలో దాదాపు 6 సెంటీమీటర్లు, పొడవు వైపు మధ్యలో దాదాపు 11 సెంటీమీటర్లు పైకి ఉబ్బి ఉంటుంది. ఒక చివర టోపీ పెట్టి, రెండో చివర మెట్టు మట్టానికి కన్ను ఆనించి చూస్తే టోపీ కనబడదు.

స్తంభాలు 10.4 మీటర్ల ఎత్తు. పైకి పోయేకొద్దీ సన్నబడతాయి, కానీ తిన్నని గీతలా కాదు, పక్కలు కాస్త బయటికి ఉబ్బుతూ. దీన్నే ఎంటసిస్ అంటారు. పార్థెనాన్‌లో ఆ ఉబ్బు 2 సెంటీమీటర్లు కూడా లేదు. స్తంభాలన్నీ గుడి లోపలి వైపుకి ఒక పిసరు వాలి ఉంటాయి. మూలల్లో ఉన్నవి మిగతా వాటికంటే 4 సెంటీమీటర్లు లావు.

ఇవి కట్టేటప్పుడు జరిగిన పొరపాట్లు కాలేవు. నేల ఉబ్బు నేలతో ఆగకుండా స్తంభాల తలల మీద ఉండే దూలాల దాకా ఎక్కింది. అంటే ఒక్కో రాయినీ దాని చోటు కోసమే, కాస్త కాస్త వేరే కోణంలో చెక్కాలి. 1975 నుంచి జరుగుతున్న పునరుద్ధరణలో పనిచేసేవాళ్ళకి ఇదే పెద్ద తలనొప్పి, ఒక రాయి చోట ఇంకో రాయి కూర్చోదు. ఇంత ఖర్చు, ఇంత శ్రమ ఎవరూ పొరపాటున పెట్టరు.

నా అచ్చుతప్పుకీ దీనికీ ఇక్కడొక తేడా ఉందని ఒప్పుకోవాలి. అక్కడ చేసిన చెయ్యే కవిది కాదు. ఇక్కడ చెయ్యి ఇక్టినోస్‌దే. కావాలనే చేశాడు. ఇక మిగిలింది 'ఎందుకు' అన్నది. కావాలని చేశాడని తేలగానే ఎందుకు చేశాడో కూడా తేలిపోయినట్టు మాట్లాడటం మన అలవాటు. ఆ రెండింటి మధ్య చాలా దూరం ఉంది.

*

'కన్నును సరిచేయడానికి' అన్న జవాబు విట్రూవియస్‌ది. జూలియస్ సీజర్ సైన్యంలో పనిచేసిన రోమన్ ఇంజనీరు. క్రీ.పూ. మొదటి శతాబ్దంలో, వాస్తు మీద పది సంపుటాల పుస్తకం రాసి అగస్టస్ చక్రవర్తికి అంకితమిచ్చాడు. మూడో సంపుటంలో ఆయన చెప్పేది ఇది. నేలను చదరంగా కడితే మధ్యలో పల్లం పడినట్టు కనబడుతుంది, కాబట్టి మధ్యలో కాస్త ఎత్తు పెంచండి. మూల స్తంభాల చుట్టూ ఖాళీ ఆకాశం ఉంటుంది కాబట్టి అవి సన్నగా కనబడతాయి, కాబట్టి యాభయ్యో వంతు లావు పెంచండి. ఎంటసిస్ ఎలా గీయాలో చూపించే బొమ్మ పుస్తకం చివర ఇస్తానంటాడు. ఆ బొమ్మ మనదాకా రాలేదు.

విట్రూవియస్‌ని చదువుతుంటే నాకు అప్పకవి గుర్తొచ్చాడు. నన్నయ పదకొండో శతాబ్దం వాడు. అప్పకవి పదిహేడో శతాబ్దం వాడు, మధ్యలో ఆరు వందల ఏళ్ళు. కవులు రాసేశారు. తర్వాత లాక్షణికులు వచ్చి, మహాకవి ప్రయోగం కాబట్టి తప్పయి ఉండదు అనుకుని, మామూలు యతికి లొంగని ప్రతి చోటికీ ఒక పేరు పెట్టి, ఒక సూత్రం అల్లారు. అప్పకవి అయితే ఇంకో మెట్టు ఎక్కాడు. నన్నయ స్వయంగా వ్యాకరణం రాశాడనీ, దాన్ని భీమకవి గోదావరిలో కలిపేశాడనీ, సారంగధరుడికి అది కంఠతా వచ్చు కాబట్టి బతికిందనీ కథ చెప్పాడు. ఆ పుస్తకం నన్నయది కాదన్న వాదం గట్టిగానే ఉంది. అయినా ఆ కథ ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. సూత్రం మనదంటే ఎవరూ నమ్మరు, మూలకర్తదే అంటే నమ్ముతారు.

విట్రూవియస్ పార్థెనాన్‌కి నాలుగు వందల ఏళ్ళ తర్వాతివాడు. గ్రీకు వాస్తుశిల్పులు రాసుకున్న పుస్తకాలు ఆయనకి అందుబాటులో ఉన్నాయి, మనకి లేవు. కాబట్టి ఆయన మాటని కొట్టిపారేయడం తేలిక కాదు. కానీ ఆయన చెప్పే కారణం ఇక్టినోస్‌దా, నాలుగు వందల ఏళ్ళ తర్వాత నియమానికి తగిలించిన వివరణా అన్నది ఆయన పుస్తకం ఒక్కదాన్నీ పట్టుకుని తేల్చలేం.

విట్రూవియస్‌కి అనుకూలమైన సాక్ష్యాలు కూడా ఉన్నాయి. అవి దాచి వాదించడం న్యాయం కాదు. ప్లేటో 'సోఫిస్ట్' అనే సంభాషణలో, భారీ విగ్రహాలు చేసే శిల్పులు అసలు కొలతలు పాటిస్తే పై భాగాలు చిన్నవిగా కనబడతాయి కాబట్టి కొలతలు మారుస్తారని చెబుతాడు. ప్లేటోకి అది నచ్చదు, అబద్ధం కింద లెక్క. అంటే కన్ను మోసపోతుందన్న ఆలోచన గ్రీకులకి కొత్త కాదు. ఇంకా బలమైన సాక్ష్యం బైజాంటియమ్‌కి చెందిన ఫిలాన్‌ది. క్రీ.పూ. మూడో శతాబ్దంలో రాళ్ళు విసిరే యుద్ధయంత్రాల మీద పుస్తకం రాస్తూ, మధ్యలో భవనాల ఊసెత్తాడు. సమానంగా, తిన్నగా ఉన్న భాగాలు చూపు మోసం వల్ల అలా కనబడలేదనీ, కొంచెం కలిపి, కొంచెం తీసి, మళ్ళీ మళ్ళీ చేసి చూసి, సరిగా కనబడేదాకా తెచ్చారనీ అంటాడు.

ఫిలాన్ మాటల్లో నన్ను ఆపింది 'మళ్ళీ మళ్ళీ చేసి చూసి' అన్నది. వీడియోలోని గ్రీకులు సూత్రంతో మొదలుపెట్టి రాతి దగ్గరికి వస్తారు. ఫిలాన్ చెప్పే గ్రీకులు రాతి ముందు నిలబడి చూసి, మార్చి, మళ్ళీ చూస్తారు. నా ఉద్యోగంలో రోజూ జరిగేది ఇదే. బటన్‌ని రెండు పిక్సెళ్ళు పైకి జరిపి 'ఇప్పుడు బావుంది' అంటాం. ఆరు నెలలకి డాక్యుమెంట్ రాయమంటే, యూజర్ చూపు ఎలా కదులుతుందో ఆలోచించి ఆ రెండు పిక్సెళ్ళు జరిపామని రాస్తాం. రాసేటప్పుడు మనమే నమ్మేస్తాం కూడా.

*

ఇక వ్యతిరేక సాక్ష్యాలు. దక్షిణ ఇటలీలో పేస్టుమ్ అనే చోట పార్థెనాన్‌కి వందేళ్ళు ముందే కట్టిన హేరా గుడి ఉంది. దాని స్తంభాల ఉబ్బు ఎంతంటే, ఫొటోలో చూసిన చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. మోయలేని బరువు నెత్తిన పడ్డట్టు నడుములు బయటికొచ్చి ఉంటాయి. తిన్నగా కనబడేలా చేయడమే లక్ష్యమైతే ఇది ఘోరంగా ఓడిపోయినట్టే. కానీ కట్టినవాళ్ళు ఓడిపోయామని అనుకున్నట్టు లేరు. ఆ ఉబ్బు కనబడాలనే చేశారు.

రెండోది, అసలు అలాంటి దృష్టిభ్రమ ఉందా? పక్కలు తిన్నగా ఉండి పైకి సన్నబడే స్తంభం నడుము దగ్గర లోపలికి నొక్కుకుపోయినట్టు కనబడుతుందని పుస్తకాలన్నీ చెబుతాయి. యార్క్ విశ్వవిద్యాలయంలో చూపు మీద పరిశోధన చేసే పీటర్ థాంప్సన్ మరో ఇద్దరితో కలిసి దీన్ని పరీక్షించి 2007లో ఒక వ్యాసం ప్రచురించాడు. మార్గరెట్ థాచర్ ముఖాన్ని తలకిందులు చేసి, కళ్ళూ నోరూ మాత్రం నిటారుగా ఉంచి ఒక ప్రసిద్ధమైన భ్రమను 1980లో కనిపెట్టింది ఈయనే. భ్రమలంటే ఇష్టమున్న మనిషి. అయినా ఈ స్తంభాల భ్రమకి ఆధారం దొరకలేదన్నాడు. ఎంటసిస్‌కి కారణం కంటిలో కంటే కట్టుబడి బలంలో వెతకడం మేలన్నాడు. జబ్బే లేదని తేలితే మందు ఇచ్చారని ఎలా చెబుతాం?

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది. స్టూవర్ట్, రెవెట్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు 1750లలో ఏథెన్స్ వెళ్ళి ఆ కట్టడాలని ఎంతో ఓపికగా కొలిచి పుస్తకాలుగా వేశారు. నేల ఉబ్బిందన్న సంగతి వాళ్ళ పుస్తకాల్లో లేదు. పెనెథోర్న్ అనే ఆయన 1837లో గమనించాడు. పెన్రోజ్ 1846-47లో కచ్చితంగా కొలిచి 1851లో పుస్తకం వేశాకే లోకం నమ్మింది. దిద్దుబాటు సిద్ధాంతం వాళ్ళు దీన్ని చూపించి, చూశారా, కంటికి తెలియకపోవడమే దిద్దుబాటు ఫలించిందనడానికి రుజువు అంటారు. సరే. మరి పేస్టుమ్‌లో కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతోంది కదా అంటే, అది ఇంకా చేయి తిరగని కాలం అంటారు. కనబడకపోయినా రుజువే, కనబడినా రుజువే. ఏం జరిగినా ఓడిపోని సిద్ధాంతాన్ని చూస్తే నాకు భయం. నా వ్యాసం కూడా అలాంటిదే. ఆ కవి మాట పూర్తి చేసి ఉంటే, పూర్తి చేయడంలోని ధైర్యం గురించి రాసేవాణ్ణి.

*

మరి ఇంకేం కారణాలుంటాయి?

కిందటి వేసవిలో గాంధీనగర్‌లో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద కొత్తగా గచ్చు వేయించాం. మేస్త్రి పని ముగించాక చూస్తే నేల అద్దంలా చదరంగా ఉంది. "మట్టం బాగా కుదిరింది" అన్నాను. ఆయన నవ్వి, "మట్టం పెడితే నీళ్ళు నిలబడవా సార్? వాటం ఇచ్చా" అని ఒక బకెట్ నీళ్ళు పోశాడు. నీళ్ళు నింపాదిగా మూలనున్న గొట్టం వైపు నడిచాయి. నా కన్ను చదరం అన్నదాన్ని నీళ్ళు ఒప్పుకోలేదు.

పార్థెనాన్ నేల ఉబ్బుకి కూడా కొందరు చెప్పే కారణం వాటమే, వానలో తడిసే మెట్ల మీద నీళ్ళు నిలవకూడదు. నాకు ఈ జవాబు బాగా నచ్చింది, నచ్చింది కాబట్టే దాన్నీ అనుమానించాను. నీటికోసమే అయితే నేల దగ్గర ఆగిపోవాలి. 10 మీటర్ల పైన దూలాల దాకా అదే వంపును మోసుకెళ్ళాల్సిన అవసరం నీటికి లేదు. వాటంతో మొదలై ఉండొచ్చు, వాటంతో ఆగలేదు. అక్కడ కన్ను కూడా పనిచేసింది. స్తంభాల వాలుకి నిలకడ కారణం కావచ్చు. మూల స్తంభాల లావుకి విట్రూవియస్ చెప్పిన కారణమే ఇప్పటికీ సబబుగా ఉంది. వెలుగు వెనకనున్న వస్తువు సన్నగా కనబడటం ఎవరైనా కిటికీ దగ్గర చూసుకోవచ్చు. అంటే ఒక్కో తేడాకి ఒక్కో సంజాయిషీ కావాలి. అన్నిటినీ కట్టగట్టి 'కన్నును సరిచేయడానికి' అంటే వాక్యం బాగుంటుంది, అంతే.

ఎంటసిస్ అన్న మాట గ్రీకులో లాగి బిగించడం అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చింది. విల్లుకి నారి ఎక్కించడానికి వాడే క్రియ అది. దాన్ని తెలుగులో ఏమనాలని ఆలోచిస్తే 'బిగువు' తప్ప వేరే మాట తట్టలేదు. పద్యానికి బిగువు ఉందంటాం, నడక సడలిందంటాం. బిగువు దేన్ని సరిచేస్తుందని మనం ఎవరినీ అడగం. గ్రీకు గుళ్ళ మీద రాసినవాళ్ళలో కూడా ఈ వైపు మొగ్గినవాళ్ళున్నారు. బ్రూక్లిన్ మ్యూజియంలో పనిచేసిన గుడ్‌ఇయర్ 1912లో, ఈ వంపులు దిద్దుబాట్లు కావు, గీతకి ప్రాణం పోయడానికి చేసినవి అని ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. జెరోమ్ పాలిట్ 1972లో వాదాలన్నిటినీ మూడు రకాలుగా వేరుచేశాడు. కన్నును సరిచేయడం ఒకటి, ఉన్నదాన్ని ఎక్కువ చేసి చూపడం రెండోది, కన్ను ఆశించేదానికీ కనబడేదానికీ మధ్య బిగువు పుట్టించడం మూడోది. నేను మూడోదాని వైపు. ఎందుకు ఆ వైపున్నానో కూడా నాకు తెలుసు, తెలుగు పద్యం చదివి పెరిగిన చెవి నాది. అది నా అభిరుచి, గ్రీకుల ఉద్దేశానికి రుజువు కాదు.

పోయిన బొమ్మ విషయం చెప్పలేదు కదూ. విట్రూవియస్ ఇస్తానన్నది దొరకలేదు కానీ అలాంటిదే ఇంకోటి దొరికింది. ఇప్పటి టర్కీలో ఉన్న దిదిమాలో అపోలో గుడి ఎప్పటికీ పూర్తి కాలేదు. గోడలకి ఆఖరి నునుపు పెట్టలేదు. పెట్టి ఉంటే చెరిగిపోయేవి, పెట్టలేదు కాబట్టి ఆ గోడల మీద కట్టేవాళ్ళు గీసుకున్న సన్నని గీతలు మిగిలిపోయాయి. 1979లో లోతార్ హాసెల్‌బెర్గర్ అనే జర్మన్ పరిశోధకుడు వాటిని గుర్తించాడు. అందులో ఒకటి ఎంటసిస్ గీత. స్తంభం వెడల్పు అసలు సైజులోనే ఉంచి, ఎత్తుని మాత్రం పదహారో వంతుకి కుదించి, పక్కన ఒక వృత్తఖండం గీశారు. గ్రాఫ్‌లో ఒక అక్షం స్కేలు మార్చినట్టు. ప్రతి అడుగు ఎత్తుకీ ఎంత వెడల్పు ఉండాలో ఆ బొమ్మ నుంచి నేరుగా కొలుచుకోవచ్చు. చూసినప్పుడు నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

అయితే ఆ గోడ మీద ఎలా గీయాలో ఉంది, ఎందుకో లేదు. కామెంట్లు లేని కోడ్ అది. కోడ్ పనిచేస్తుంది, రాసినవాడి చెయ్యి తెలుస్తుంది, కారణం మాత్రం మనమే ఊహించుకోవాలి.

*

ఇదంతా ఏథెన్స్ దాకా వెళ్ళి చూసే స్తోమత లేక, ఒక ఆదివారం చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, నారాయణగూడ దాటి, సుల్తాన్ బజార్‌లో దిగాను. కోఠీ ఉమెన్స్ కాలేజీ అని మనందరం పిలిచే ప్రాంగణంలో, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం అయిన చోట, పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం ఉంది. ముందు రెండు సింహాలు, వాటి మధ్య మెట్లు, మెట్ల పైన రెండంతస్తుల ఎత్తు కొరింథియన్ స్తంభాలు ఆరు. ఒక హెరిటేజ్ వాక్ గుంపులో కలిసి లోపలికి వెళ్ళాను.

దీన్ని కట్టించింది జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్, గీసింది మద్రాసు ఇంజనీర్లలోని శామ్యూల్ రస్సెల్. పందొమ్మిదో శతాబ్దం మొదటి ఏళ్ళు. ఈ కట్టడం గురించి ఒక కథ చెబుతారు. కర్క్‌పాట్రిక్ స్థలం అడుగుతూ పెద్ద కాగితం మీద ప్లాన్ గీయించి పంపితే నిజాం ఒప్పుకోలేదట. ఆ కాగితం తన రాజ్యం పటమంత ఉండటమే కారణమట. అదే ప్లాన్ చిన్న కార్డు మీద గీసి పంపితే వెంటనే ఒప్పుకున్నాడట. దిదిమా గోడ మీద పదహారో వంతు స్కేలు గురించి చదివినప్పుడు నాకు ఈ కార్డే గుర్తొచ్చింది.

పార్థెనాన్ నేల ఉబ్బిందని లోకానికి తెలియకముందే రస్సెల్ ఈ భవనం గీశాడు. పెనెథోర్న్‌కి ఇంకా ముప్పై ఏళ్ళకు పైగా సమయం ఉంది. కాబట్టి కోఠీలో ఉన్న గ్రీకు పోలిక గ్రీసు నుంచి రాలేదు, పుస్తకాల నుంచి వచ్చింది. విట్రూవియస్‌ని చదివిన ఇటలీవాళ్ళు, వాళ్ళని చదివిన ఇంగ్లీషువాళ్ళు. వాళ్ళలో పల్లాడియో 1570లో అచ్చయిన తన పుస్తకంలో స్తంభానికి ఉబ్బు ఎలా ఇవ్వాలో చెప్పాడు. కింది మూడో వంతు నిటారుగా ఉంచి, ఆ పైన ఒక సన్నని బద్దను వంచి గీత గీయమన్నాడు. ఆ పద్ధతి నేర్చుకున్నవాడికి దృష్టిభ్రమ గురించి తెలియాల్సిన పని లేదు. స్తంభం అంటే అలాగే ఉంటుంది, అంతే. ఒకచోట కంటి కోసం, ఒకచోట బలం కోసం, ఒకచోట అందం కోసం మొదలైనది ఇంకోచోటికి వచ్చేసరికి అలవాటు అవుతుంది. చూసేవాడికి నాలుగూ ఒకేలా ఉంటాయి.

ఫోన్‌తో ఫొటో తీసి స్తంభం అంచు పక్కన గీత గీసి చూశాను. ఉబ్బు కనబడింది. సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. ఫోన్ వెడల్పు లెన్సు తిన్నని గీతల్ని బయటికి వంచుతుంది, దాన్ని లోపలున్న సాఫ్ట్‌వేర్ మళ్ళీ తిన్నగా చేస్తుంది. ఎంత వంచిందో, ఎంత దిద్దిందో నాకు తెలియదు. రస్సెల్ ఉబ్బించాడా, లెన్సు ఉబ్బించిందా? చివరికి జేబులోంచి ఒక దారం తీసి, రెండు చేతులతో బిగించి పట్టుకుని, ఒక కన్ను మూసి, స్తంభం అంచుకి ఆనించి చూశాను. పైకి పోయేకొద్దీ అంచు దారం నుంచి లోపలికి జరిగింది. ఎక్కడ మొదలైందో చెప్పలేకపోయాను. గుంపులో ఒకావిడ "ఏం కొలుస్తున్నారండీ?" అని అడిగింది. సమాధానం చెప్పడానికి చాలా సమయం పట్టేలా ఉండి నవ్వి ఊరుకున్నాను.

*

మన దగ్గర ఇలాంటి కథలకి కొదవలేదు. నల్లగొండ పక్కన పానగల్లులో, పదకొండో శతాబ్దంలో కందూరి చోడుల కాలం నాటి ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో లింగం వెనక పగలంతా ఒక స్తంభం నీడ నిలబడి ఉంటుంది. ఎదురుగా ఉన్న స్తంభం దగ్గర నిలబడితే మీ నీడ అక్కడ పడదు. పక్కల నుంచి వచ్చే వెలుగుని మండపంలోని స్తంభాలు అడ్డుకోవడం వల్ల ఆ నీడ ఏర్పడుతుందని భౌతికశాస్త్రం చదివినవాళ్ళు వివరించారు. వాట్సాప్‌లో వచ్చే వాక్యం మాత్రం ఇంకో అడుగు వేస్తుంది, మన పూర్వీకులు కాంతి వివర్తనాన్ని వెయ్యేళ్ళ క్రితమే లెక్కగట్టారని. నీడ ఉన్న మాట నిజం. నీడ కోసమే కట్టారన్నది ఇంకో మాట. దానికి వేరే సాక్ష్యం కావాలి. యూరప్‌వాళ్ళు గ్రీకుల గురించి చెబితే చరిత్ర అనీ, మనవాళ్ళు పానగల్లు గురించి చెబితే గొప్పలనీ అనుకునే అలవాటు నాకూ ఉండేది. రెండిట్లోనూ జరుగుతున్నది ఒకటే పని అని ఇప్పుడు అనిపిస్తోంది.

ఇందులో నన్ను బాధపెట్టేది ఇంకొకటి. చేసినవాణ్ణి గొప్ప చేస్తున్నామనుకుంటూ అతని పనిని చిన్నది చేస్తున్నాం. రాతి ముందు నిలబడి, కొంచెం కలిపి, కొంచెం తీసి, ఇంకా కుదరలేదనుకుని మళ్ళీ మొదలుపెట్టిన మనిషిని తీసేసి, ఆ చోట ముందే అన్నీ తెలిసిన ఒక సర్వజ్ఞుణ్ణి కూర్చోబెడుతున్నాం. కవి విషయంలో నేను చేసిందీ అదే. ఆయన ఆ పాదాన్ని "తలుపు తీసి ఉంది" అని మామూలుగా ముగించాడు. ఆ మామూలు ముగింపు ఎందుకు బావుందో రాయడం కష్టం. దాన్ని నేను ఒక్కసారి కూడా ప్రయత్నించలేదు. తేడా దొరికితే చాలు, విమర్శ దానంతటదే రాసుకుంటుంది.

అలాగని ఆ రోజు గ్రంథాలయంలో నాకు కలిగిన జలదరింపు అబద్ధమా? కాదనుకుంటాను. ఆ పేజీ మీద ఆ మాట అలాగే ఆగింది, నేను ఆగిపోయాను. పార్థెనాన్ చూసి నిశ్చేష్టులైనవాళ్ళ అనుభవానికి కూడా విట్రూవియస్ తప్పయినా ఒప్పయినా వచ్చే నష్టం లేదు. నాకు ఏమైందో నేను చెప్పొచ్చు. అది నాకు అవాలనే ఆయన రాశాడని చెప్పడానికి మాత్రం నా జలదరింపు చాలదు.

మొన్న ఆ కవిగారి అబ్బాయికి ఫోన్ చేశాను. మొదటి ముద్రణలోని ఆ పేజీ ఫొటో తీసి పంపమని అడిగాను. అదే రోజు పంపారు. పాత వ్యాసంలో ఆ రెండు పేరాలు తీసేయమని ముందు సంపాదకులని అడుగుదామనుకున్నాను, తర్వాత వద్దనుకున్నాను. అవి అలాగే ఉంటాయి. కింద ఒక వాక్యం చేర్చమన్నాను: మొదటి ముద్రణలో ఈ మాట 'ఉంది' అని పూర్తిగా ఉంది, పైన రాసింది ఒక అచ్చుతప్పు చదివి నేను రాసుకున్నది. ఆ ఫొటో ఇప్పుడు నా ఫోన్‌లో ఉంది. కవితని మళ్ళీ మొదటి నుంచి చదువుతున్నాను, ఈసారి ఆఖరి మాటతో సహా.